సరస్సు వైపు తలుపు

హెరన్ సరస్సు లాడ్జి, మోంటానా
1961 జూలై 27

పండగ పూట పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోవడం తప్పు, ఓర్విల్ తాతా. తప్పు అని మెత్తగా రాస్తున్నాను. నా నోట్లో ఉన్న మాట వేరే.

మంగళవారం మన క్రిస్మస్. డిసెంబరులో ఈ లాడ్జిలో మంచుకి కాపలా ఉండే నువ్వు తప్ప మనిషి కనబడడు. అందుకే కదా పనివాళ్ళందరం జూలైలో చేసుకుంటాం. ఈ ప్రభుత్వ పార్కు అడవిలో క్రిస్మస్‌కని చెట్టు కొట్టకూడదు గనక పడవ తెడ్లు నిలబెట్టి, వాటికి పాత ఆకుపచ్చ దుప్పట్లు చుడతాం. ఆ తెడ్లు కట్టేది ఎప్పుడూ నువ్వే. నిన్ను పిలుద్దామని వస్తే గది ఖాళీ. వంటింట్లోకి పరిగెత్తాను.

"హిల్మా పెద్దమ్మా, తాతేడీ?"

"తెల్లారకముందే పాల బండెక్కి పోయాడు. చెయ్యూపాడు."

"చెయ్యూపితే ఊరుకున్నావా?"

"ఏం చెయ్యమంటావే, నేనూ ఊపాను."

తెడ్లు నేనే కట్టాను. పాట మధ్యలో చెట్టు కూలి పియానో మీద పడింది. అది కూడా నీ తప్పే.

ఇంకో సంగతి. జూన్‌లో లాడ్జి తెరిచి నీళ్ళు వదలగానే తూర్పు వైపు పైపు పగిలి హాలు పైకప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడిపడ్డ రోజున నువ్వు మేనేజరు వార్డెల్ ముందు నిలబడి, "నిరుడు చలికాలానికి లాడ్జి మూసేటప్పుడు ఆ కుళాయిలో నీళ్ళు దించడం మరిచాను, గడ్డకట్టి పగిలింది" అన్నావు. నేను నమ్మలేదు. ఇప్పటికీ నమ్మను. ముప్పై శీతాకాలాలు ఒక్క కుళాయీ మరవనివాడివి. వార్డెల్ "జూలై దాటాక నువ్వక్కర్లేదు" అంటే గొర్రెలాగ తలూపావు. నేను నోరు తెరవబోతే "పిల్లా, నీ పని చూసుకో" అన్నావు.

నా పని ఏంటో నేర్పింది నువ్వే. బ్యూట్ నుంచి, బడి సగంలో మానేసి, లాండ్రీలో దుప్పట్లు పిండడానికి వచ్చినదాన్ని. నన్ను తీసుకెళ్ళి నేల కింద పైపుల పక్కన పడుకోబెట్టి "చెవి ఆనించి విను, నీరు ఎటు పోతోందో చెప్పు" అన్నావు. అతిథులు గదుల్లో వదిలేసిన పుస్తకాలన్నీ పోగేసి నా గుమ్మం ముందు పెట్టేవాడివి. చదివావా అని ఒక్కసారి కూడా అడగలేదు. చదివాను తాతా. పక్షుల పుస్తకం కూడా.

పండగ రోజు అందరి ముందూ నీకు థాంక్స్ చెబుదామని ఏడాదంతా దాచుకున్నాను. ఎవరు ఎవరికి ఇవ్వాలో తీసే బహుమతుల చీటీల్లో నీ పేరు బస్సు డ్రైవరుకి వస్తే బతిమాలి మార్చుకున్నాను. నీకోసం చేసింది నా పెట్టెలోనే ఉంది. ఏంటో చెప్పను, నీకా అర్హత లేదు.

ఎందుకలా పోయావో రాయి.

డెల్లా హార్కిన్


హావర్
1961 ఆగస్టు 9

డెల్లాకి,

ఉత్తరం అందింది. కలం అంత నొక్కి రాయకు. కాగితం వెనక్కి చిల్లులు పడ్డాయి.

నేను బాగున్నాను. మా చెల్లెలు ఇంగా వంటింట్లో పొయ్యి పక్కన నాకో కుర్చీ వేసింది. బంగాళాదుంప రొట్టెలు కాల్చి పెడుతుంది, తినకపోతే తిడుతుంది, ఎక్కువ తింటే ఇంకా తిడుతుంది. ఇక్కడ ఎటు చూసినా గోధుమ చేలే. చూపు ఆనడానికి ఒక్క కొండ లేదు. పొద్దున లేచి కిటికీలోంచి చూస్తే ఎవరో సామానంతా సర్దేసిన గదిలా ఉంటుంది ఈ ఊరు.

ఎందుకు పోయావని అడిగావు. మోకాలు. ముసలివాళ్ళకి మోకాళ్ళుంటాయి, అవి పాడవుతాయి. ఇందులో రహస్యమేమీ లేదు.

తెడ్లు కట్టేటప్పుడు తాడు మూడు చుట్లు చుట్టి కింద రాయి పెట్టాలి. నువ్వు రాయి పెట్టి ఉండవు.

వార్డెల్‌తో గొడవ పెట్టుకోకు. చెడ్డవాడు కాదు. పైకప్పు తన నెత్తిన పడితే ఎవడైనా అరుస్తాడు.

ఓర్విల్ టాండ్‌బర్గ్


హెరన్ సరస్సు లాడ్జి
1961 సెప్టెంబరు 6

టాండ్‌బర్గ్ గారికి,

మీ మోకాలి కథ చదివాను. బాగుంది. పిల్లలకి చెబితే నిద్రపోతారు.

'గారు' ఎందుకంటారా? మీరు నన్ను పరాయిదాన్ని చేశారు గనక నేనూ మర్యాద నేర్చుకుంటున్నాను.

రాయి పెట్టలేదు. నిజమే.

ఇక్కడ సంగతి ఏంటంటే, హకిల్‌బెర్రీ పళ్ళు అయిపోయాయి, ఎలుగుబంట్లు వెళ్ళిపోయాయి, అతిథులు పల్చబడ్డారు. ఎవరో పెద్దావిడ హాలు గోడకి తగిలించిన దుప్పి తలకి నమస్కారం చేసి మరీ వెళ్ళింది. మీరుంటే ఆవిణ్ణి ఎంత గౌరవంగా చూసేవారో అనుకున్నాను. మొన్న వార్డెల్ లాండ్రీలోకి వచ్చి నిలబడ్డాడు. ఆవిరికి ఆయన కళ్ళద్దాలు మసకబారాయి.

"ఆ ముసలాయన వెనకాలే తిరిగేదానివి గదా. చలికి ముందు నీళ్ళు దించడం వచ్చా?"

"వచ్చు."

"మొత్తం లాడ్జి?"

"మొత్తం కాకపోతే సగం దించుతారా ఎవరైనా?"

"ఆయన నేర్పినట్టున్నాడు ఈ నోరు కూడా" అని పోయాడు. పని నాకే ఇచ్చాడు.

వచ్చని అన్నానే గానీ భయంగా ఉంది. ఒక్క పైపులో చెంబుడు నీళ్ళు మిగిలినా ఏమవుతుందో జూన్‌లో చూశాం గదా. దించిన ప్రతి కుళాయికీ ఎర్ర ఉన్ని దారం కట్టాలి, అది తెలుసు. ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి, అన్నీ వరసగా రాయండి. ఇది మీ గురించి కాదు, లాడ్జి గురించి. లాడ్జి మీద కూడా కోపమొచ్చిందా మీకు?

డెల్లా


హావర్
1961 సెప్టెంబరు 17

డెల్లాకి,

'మీరు' అనకు. ఇంగా గట్టిగా చదివి నవ్వింది. "ఈ పిల్ల నిన్ను మర్యాదతో కొడుతోంది అన్నయ్యా" అంది.

పడమర వైపు మొదలుపెట్టు, అటు చలి ముందు తగులుతుంది. తర్వాత వంటిల్లు. హిల్మాని ముందే కాఫీ కాచుకోమను, లేకపోతే నీ మీద గరిటె విసురుతుంది. తూర్పు వైపు చివర.

ప్రతి కుళాయి దగ్గరా ఒకటే పద్ధతి. ముందు దించు. ఆఖరి బొట్టు దాకా నిలబడి చూడు. తర్వాత నోరు పెట్టి ఊదు, గాలి అవతల చివర వినపడాలి. అప్పుడు దారం కట్టు. అప్పుడే. దారం పని అయిందని చెప్పడానికి, చేస్తానని చెప్పడానికి కాదు. ఎంత చలేసినా ఈ వరస మార్చకు.

అన్నీ అయ్యాక సరస్సు వైపు తలుపు బందులకి నూనె పెట్టు. దాన్ని ఎవరూ పట్టించుకోరు. రోడ్డు పడకముందు అతిథులు పడవల్లో వచ్చి ఆ తలుపులోంచే లోపలికి అడుగుపెట్టేవాళ్ళు. లాడ్జి ముఖం అదే. ఇప్పుడు కార్లు ఆగేది దాని వీపు దగ్గర, పాపం జనానికి తెలియదు. హిల్మా మొగుడు పడవ నడిపే రోజుల్లో అనేవాడు, నీళ్ళ మీద నుంచి వస్తూ చూస్తేనే ఈ ఇల్లు ఇల్లులా ఉంటుందని. నాకు తెలీదు. నేనెప్పుడూ గట్టు మీద నిలబడి తాడు అందుకునేవాణ్ణి. పనివాళ్ళు ఆ తలుపు వాడకూడదు గదా. శీతాకాలంలో ఒక్కణ్ణే ఉన్నప్పుడు కూడా నేను వాడలేదు. లోపలి వైపు నూనె పెట్టి, వంటింట్లోంచి చుట్టూ తిరిగి వచ్చి బయటి వైపు పెట్టేవాణ్ణి. నవ్వకు. అలవాటు.

లాడ్జి మీద కోపం లేదు.

ఓర్విల్


హెరన్ సరస్సు లాడ్జి
1961 అక్టోబరు 15

తాతా,

ఈ కాగితం తడిసి ఉంటే అది పైపుల వల్ల. ఇంకేమీ ఊహించుకోకు.

నిన్న తూర్పు వైపు దించాను. నువ్వు రాసినట్టే, దించడం, ఊదడం, కట్టడం. సరస్సు కనబడే చివరి గది కింద, కొత్తగా అతుకు వేసిన ఆ కుళాయి దగ్గరికి పాక్కుంటూ వెళ్ళాను. వేళ్ళు కొయ్యబారాయి. దారం ముడి పడదు. 'నిన్న ఎండగా ఉన్నప్పుడే దారాలన్నీ కట్టేసి ఉంటే ఈ బాధ లేకపోను' అని తిట్టుకున్నాను. తిట్టుకుంటూ ఉండగానే చేతిలో దారం వదిలేశాను.

నిరుడు అదే చేశాను.

నిరుడు నీకు మోకాలు పట్టేసి తూర్పు వైపు నాకు వదిలావు. నేను తెలివైనదాన్ని గదా! వేళ్ళు పనిచేస్తున్నప్పుడే అన్ని కుళాయిలకీ దారాలు కట్టేశాను. మర్నాడు వచ్చి ఒక్కొక్కటీ దించుకుంటూ పోయాను. మధ్యలో భోజనం గంట కొట్టారు. తిని వచ్చి చూస్తే అన్నిటికీ దారాలున్నాయి. అయిపోయిందనుకున్నాను, ఈ చివరిది దించనే లేదు. దారాలన్నీ కట్టాను గదా అన్న ధీమాతో జూన్‌లో కూడా నా మీద నాకు అనుమానం రాలేదు.

నేల కింద నుంచి అలాగే వంటింట్లోకి పోయాను. హిల్మా పెద్దమ్మ ఆఖరి బాణళ్ళు తోముతోంది.

"పెద్దమ్మా, పైపు పగిలిన రోజు తాత ఇక్కడికొచ్చాడా?"

"రాక ఎక్కడికి పోతాడు? మోచేతుల దాకా తడిసి వచ్చి కాఫీ అడిగాడు. వేలికి ఎర్ర దారం చుట్టుకున్నాడు. 'ఏంటయ్యా, ఏదైనా మర్చిపోతావని గుర్తుకి కట్టుకున్నావా?' అన్నాను."

"ఏమన్నాడు?"

"'కాదు హిల్మా, ఇది మర్చిపోవడానికి' అన్నాడు. ముసలాడికి మతి చెడిందనుకున్నా."

నా ముడి లాండ్రీ మూటల ముడి. లాడ్జిలో ఎవరు చూసినా డెల్లా కట్టిందంటారు. అది ఆ కుళాయికి ఉంటే నేను దించకుండా కట్టానని తెలిసిపోతుంది. లేకపోతే ఎవరో ముసలివాడు మరిచిన కుళాయి, అంతే. నువ్వు ముందు వెళ్ళి విప్పేశావు. విప్పి, వేలికి చుట్టుకుని, వార్డెల్ ముందుకి పోయి నిలబడ్డావు.

ఎవరు చెయ్యమన్నారు నిన్ను? నేను అడిగానా? నాలుగు నెలలు వార్డెల్‌ని మనసులో ఎన్ని మాటలన్నానో. అవన్నీ నాకు తగలాల్సినవి. నా తప్పుకి నువ్వు పని పోగొట్టుకుంటే, ఆ పని నేర్చుకున్నానని నేను గర్వంగా తిరిగాను. పైగా నీకు 'గారు' అని రాశాను!

రేపు పొద్దున వార్డెల్ దగ్గరికి వెళ్ళి చెబుతాను. నువ్వు ఆపలేవు. ఈ ఉత్తరం నీ చేతికొచ్చేసరికి అయిపోయి ఉంటుంది.

కింద థాంక్స్ అని రాసి కొట్టేశాను. చూశావుగా మరక. ఆ మాటకి ఈ కాగితం చాలదు.

డెల్లా


హావర్
1961 నవంబరు 2

పిచ్చి పిల్లా,

నేను మూట కట్టి మోసుకొచ్చిందాన్ని నువ్వు విప్పి వార్డెల్ గుమ్మంలో పరిచి ఉంటావు ఈపాటికి. ఇంగా అంటుంది, "మంచి పని చేసింది, నీకంటే దానికే బుద్ధుంది" అని. ఆవిడ నీ వైపు. ఆవిడ మొదటి నుంచీ నీ వైపే.

మోకాలు మాత్రం కథ కాదు. పోయిన శీతాకాలం కప్పు మీద మంచు తోయడానికి ఎక్కి, దిగలేక, పొగగొట్టానికి ఆనుకుని చాలాసేపు కూర్చున్నాను. ఇంక చాలని అప్పుడే తెలిసింది. ఎలాగూ పోవలసినవాణ్ణి. ఉత్త చేతులతో పోవడమెందుకని నీ తప్పు పట్టుకుపోయాను. పెద్ద బరువేమీ లేదు. నిన్ను పంపేస్తే ఎక్కడికి పోయేదానివి? బ్యూట్‌లో మీ అన్నలు గనిలో మసి పూసుకొస్తే ఉతకడానికా? నాకు పొయ్యి పక్కన కుర్చీ ఉంది. నీకు ఆ లాడ్జి తప్ప ఏముంది?

చెప్పకుండా పోయానని కోపం. నిజం రాస్తున్నాను. నువ్వు అందరి ముందూ నాకు థాంక్స్ చెబుతావని నాకు తెలుసు. చెబితే నేను నోరు జారేవాణ్ణి. అందుకు.

థాంక్స్ నేను చెప్పాలసలు. అన్నేళ్ళు ఆ మంచులో నేర్చుకున్నదంతా నాతోనే పోతుందనుకునేవాణ్ణి. ఎంతోమందిని పైపు దగ్గరికి తీసుకెళ్ళి వినమన్నాను. 'ఏమీ వినపడట్లేదు' అని లేచిపోయేవాళ్ళు. నువ్వొక్కదానివే కళ్ళు మూసుకుని పడుకున్నావు. చివరికి 'ఎడమ వైపు పోతోంది' అన్నావు. ఎడమ వైపే పోతోంది. ఆ పూట నేను రెండు గిన్నెల సూప్ తాగాను, సంతోషంతో.

మళ్ళీ అక్కడికి రాలేను, అది మాత్రం అడగకు. మరిచినవాడని పేరు పడ్డ చోట, రోడ్డు వైపు తలుపు దగ్గర టోపీ చేత్తో పట్టుకుని "ఎవరు కావాలండీ" అనిపించుకోవడం నావల్ల కాదు.

దారం నా చొక్కా జేబులో ఉంది. పారెయ్యనా?

ఓర్విల్


హెరన్ సరస్సు లాడ్జి
1962 మే 24

తాతా,

ఆరు నెలలు జవాబు రాయలేదని ఇంగా గారు బెంగపడి ఉంటారు, ఆవిడకి నా క్షమాపణ. నీకు కాదు. నీ ఉత్తరాన్ని పార్కు కాపలా రేంజరు మంచు మీద జారే స్కీలు కట్టుకుని తెచ్చి ఇచ్చాడు డిసెంబరులో. అవును, నేను ఇక్కడే ఉన్నాను. శీతాకాలమంతా. నీ గదిలో, నీ పొయ్యి దగ్గర, నీ పార పట్టుకుని.

వార్డెల్‌కి చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడిచాడు, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అంటే ఆ ముసలాయన నాతో అబద్ధం చెప్పాడా?"

"చెప్పాడు సార్."

"నేను నమ్మానా?"

"నమ్మారు సార్."

"నువ్వెందుకు చెబుతున్నావిప్పుడు? పని పోతుందని తెలీదా?"

"తెలుసు. అందుకే మూట కట్టుకుని వచ్చాను." నిజంగానే కట్టుకున్నాను, గుమ్మం బయట పెట్టాను.

ఆయన లేచి వెళ్ళి ఆ మూట లోపలికి తెచ్చి నా ఒళ్ళో పడేశాడు. "ఈ ప్రపంచంలో ఆ కుళాయిని ఇంకెప్పుడూ మరవని మనిషి ఒక్కత్తే ఉంది. దాన్ని బయటికి పంపి, కొత్తవాణ్ణి ఎక్కడ వెతకను? మంచు పడేదాకా ఆలోచించుకో, ఒక్కదానివే ఉండగలవా లేదా" అన్నాడు. నేను ఆలోచించుకోలేదు. అక్కడే ఉంటానన్నాను.

ఎలా ఉన్నానో అడగకు. మంచు కింది కిటికీలు మింగేసింది. దుప్పి తలతో మాట్లాడాను. జనవరిలో ఒకరోజు కప్పు మీద పార ఆనించి పొగగొట్టానికి ఆనుకుని కూర్చున్నాను, నువ్వు కూర్చున్న చోటే అయి ఉంటుంది. సరస్సు గడ్డకట్టి, దాని మీద కొండలు తెల్లగా, ఎక్కడా చప్పుడు లేదు. నీకు ఇదంతా ముప్పై ఏళ్ళు దొరికింది, నువ్వు దాన్ని నా చేతిలో పెట్టి నోరు మూసుకుని వెళ్ళిపోయావు. అక్కడే గట్టిగా చెప్పాను థాంక్స్ అని. కప్పు మీద నుంచి మంచు జారిపడింది, అంతే జవాబు. నాకు సరిపోలేదు.

నీకు వెంటనే ఎందుకు రాయలేదంటే, ముందు నీళ్ళు వదిలి చూడాలి. నిన్న వదిలాం. వార్డెల్ హాలు మధ్యలో కొత్త పైకప్పు కేసి చూస్తూ నిలబడ్డాడు, చేతిలో గొడుగుతో. నేను ఒక్కొక్క కుళాయి దారమే విప్పుతూ వచ్చాను. ఒక్క చుక్క కారలేదు తాతా. ఎక్కడా ఒక్క చుక్క లేదు. వార్డెల్ గొడుగు ముడిచి, "అయితే ఆయన్ని రమ్మను. నాకు క్షమాపణ అడగడం రాదు. గది ఇస్తాను" అన్నాడు. తూర్పు వైపు, సరస్సు కనబడే చివరి గది. ఆ కుళాయి పైనున్న గది. ఈసారి దాని కింద నేనున్నాను, హాయిగా నిద్రపో.

మరిచినవాడని నీకు పేరు లేదిక్కడ. హిల్మా పెద్దమ్మకి చెప్పాను. ఆవిడకి చెబితే సరస్సు అవతలి గట్టు దాకా చెప్పినట్టే.

రోడ్డు వైపు తలుపు దగ్గర నిలబడలేనన్నావు. నిలబడమని ఎవరన్నారు? పనివాళ్ళు సరస్సు వైపు తలుపు వాడకూడదని నాకు మొదటి రోజే నేర్పావు. సరే, ఒప్పుకుంటాను. నిన్ను పనిలోంచి తీసేశారు. పనివాడివి కావిప్పుడు. అతిథివి. అందుకని అవతలి రేవు నుంచి పడవలో రా, నీళ్ళ మీద నుంచి ఆ ఇంటిని చూసుకుంటూ రా. హిల్మా పెద్దమ్మ మొగుడు ఈ ఒక్కసారికీ చుక్కాని పడతానన్నాడు. గట్టు మీద నిలబడి తాడు నేను అందుకుంటాను. తలుపు బందులకి నూనె పెట్టాను, లోపలా బయటా, చుట్టూ తిరిగే వెళ్ళి.

మన క్రిస్మస్ జూలై 25, ఈసారి బుధవారం. తెడ్ల కింద రాయి పెడతాను. నీ బహుమతి ఇంకా నా పెట్టెలోనే ఉంది. ఇక చెప్పేస్తున్నాను, చేతి తొడుగులు, ఎర్రవి. కుళాయిలకి కట్టగా మిగిలిన ఉన్నితోనే అల్లాను. ఎడమ దానికి బొటనవేలు దగ్గర ఉన్ని అయిపోయింది. నీ జేబులో ఉన్న ముక్కతో అది పూర్తికాదని నాకు తెలుసు. అయినా దాన్ని పారెయ్యకు. నీతో తీసుకురా.

నాకు జవాబు కావాలి. మోకాలి గురించి కాదు, గోధుమ చేల గురించి కాదు. 'వస్తున్నాను' అన్న ఒక్క మాట, నీ చేత్తో రాసింది. జూన్ పదో తారీకు లోపల నా చేతికి రావాలి. రాకపోతే పదకొండో తారీకు నేను పాల బండెక్కి హావర్ వచ్చి, ఇంగా గారి వంటింట్లో నీ కుర్చీలో కూర్చుంటాను. నువ్వు లేచి బయల్దేరేదాకా లేవను.

జూన్ పది.

డెల్లా